ఒత్తు పలకని పెట్టె

కొలను ఆఫీసు గది,
సోమవారం

ప్రోగ్రామరు గారికి,

నమస్కారం. ఇన్నాళ్ళకి నా చేతిరాత చూసి కంగారు పడకండి. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే మబ్బు కన్నా ముందే వానని కనిపెడుతున్నాయి. మీకు మెయిల్ రాస్తే తిరిగొచ్చింది. అందుకే కాగితం. ఈ అడ్రసు మీ అక్కయ్యగారి దగ్గర అమ్మ సంపాదించింది.

విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టాక నేను మీకు రాస్తున్న మొదటి మాట ఇదే. ఒక పని పడింది.

మా కొలనులో ఈత నేర్పే ఒకామెకి గొంతులో జబ్బు చేసి ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఆస్పత్రివాళ్ళు ఒక మాట్లాడే పెట్టె ఇచ్చారు. మెడలో వేలాడేసుకుని, చిన్న కీబోర్డు మీద టైపు చేస్తే పెట్టె పైకి చదువుతుంది. బాగానే చదువుతుంది గానీ ఒత్తులు మింగేస్తుంది. ‘అమ్మ’ అని కొడితే ‘అమ’ అంటుంది. ‘వద్దు’ అంటే ‘వదు’. ఇంట్లో అయితే సర్దుకుపోవచ్చు. గట్టు మీద ఎలా? పిల్లల్ని ‘తన్ను, తన్ను’ అని తొందరపెడితే, పెట్టె ‘తను, తను’ అంటోంది. మొన్న ఒక పిల్ల నీళ్ళలోంచి తల పైకెత్తి, “తనంటే ఎవరు మేడమ్?” అని అడిగింది. గట్టంతా ఒకటే నవ్వులు. ఆమె కూడా నవ్వింది. నవ్వినా చప్పుడు రాదు కదా.

ఆస్పత్రి టెక్నీషియన్ దాన్ని బల్ల మీద పెట్టుకుని చూశాడు. లోపలంతా ఏదో కంప్యూటరు స్క్రిప్టు భాషలో రాసిన ప్యాకేజీలట. వాటిని ముట్టుకునే అధికారం అతనికి లేదట. పెట్టె లేచేటప్పుడు నడిచే ఆదేశాల చిట్టా, ఆరంభపు స్క్రిప్టు మాత్రం వాడేవాళ్ళ చేతిలో ఉంటుంది, అందులో ఏం రాసుకున్నా తప్పులేదు అన్నాడు. ఆ భాష పేరు చెప్పగానే మీరు గుర్తొచ్చారు. పెళ్ళయిన కొత్తలో నాతో కన్నా దాంతోనే ఎక్కువ మాట్లాడేవారు.

కొత్త బ్యాచి మొదలయ్యేలోపు ఇది బాగుపడకపోతే ఆమెని గట్టు మీద ఉంచలేనని మేనేజరు అంటున్నాడు. దారి ఉంటే చెప్పండి. లేకపోతే లేదని ఒక ముక్క రాయండి, వేరేవాళ్ళని వెతుక్కుంటాం.

ఇట్లు,
కోచ్


అద్దె గది, కిటికీ పక్క బల్ల

కోచ్‌కి,

‘మీరు’ అన్నావు. నా వెనక ఎవరైనా పెద్దాయన నిలబడ్డాడేమోనని ఉత్తరం పట్టుకుని తిరిగి చూశాను. ఎవరూ లేరు. అలమర ఉంది.

నీ స్నేహితురాలి కష్టం అర్థమైంది. పెట్టెకి జబ్బేం లేదు, చాదస్తం ఉంది. లోపల ఎక్కడో ఒక ముక్క ఒత్తుని తప్పుటైపు అనుకుని సరిచేస్తోంది. అదెక్కడుందో పట్టుకోవాలి.

ఈ భాషలో పనిచేసే ప్రతి ముక్కకీ ఒక పేరుంటుంది. కలిసి పనిచేసే ముక్కల్ని మూటగట్టి ప్యాకేజీ అంటారు. ప్రతి ప్యాకేజీకీ తనదైన పేర్ల పట్టిక ఒకటుంటుంది. దాన్నే మేం నేమ్‌స్పేస్ అంటాం. మీ ఇంట్లో ‘చంటిది’ అంటే నువ్వు. మా ఇంట్లో ‘చంటిది’ అంటే మా అక్కయ్య కూతురు. ఎవరింట్లో వాళ్ళున్నంత వరకు తికమక లేదు. మన పెళ్ళిలో మా అక్కయ్య “చంటిదానికి పాలు పట్టండి” అని కేకేస్తే, మీ అమ్మ గ్లాసు తెచ్చి పీటల మీద కూర్చున్న నీ చేతికిచ్చింది, గుర్తుందా? అదీ నేమ్‌స్పేస్ గొడవంటే.

ఈ భాషలో మంచి గుణం ఏమిటంటే ఏదీ దాచుకోదు. ‘నీలో ఏ పేర్లున్నాయి?’ అని ప్యాకేజీని అడిగితే ఉన్నవన్నీ చెప్పేస్తుంది. కొన్ని పేర్లకి ముందు కింది గీత ఒకటి ఉంటుంది. అవి లోపలివాళ్ళవి, బయటివాళ్ళు ముట్టుకోవద్దని చెప్పడం. అది మర్యాదే గానీ తాళం కాదు.

విడిగా ఒక కాగితం మీద రెండు లైన్లు రాసి పెట్టాను. మొదటి లైను కొడితే, మాటల్ని శుభ్రం చేసే ప్యాకేజీ తన పేర్లన్నీ తెర మీద పరుస్తుంది. వాటిలో ‘రిపీట్’ లాంటి మాట ఉన్న పేరు కనిపిస్తే, రెండో లైనులో ఆ పేరు పెట్టి కొట్టండి. దాని లోపలి రాత కనిపిస్తుంది. అది నాకు పంపు.

ఫోన్లో అయితే ఇదంతా టీ తాగేలోపు అయిపోయేది. నువ్వు కాగితం మీద ఇంత మెల్లగా మాట్లాడటం వింతగా ఉంది. ఈ ఆఫీసులో అందరూ గుసగుసల్లోనే బతుకుతారు. కొలను ఈ చివర నుంచి ఆ చివరికి పాకే నీ కేక ఒకటి పడితే ఈ హాలు బాగుపడుతుందని ఒక్కోసారి అనిపిస్తుంది. ఫోన్ చెయ్యి, ఒకసారి.

ప్రోగ్రామరు


కొలను ఆఫీసు గది

ప్రోగ్రామరు గారికి,

పాల గ్లాసు గుర్తుంది. తాగేశాను కూడా. ఆకలేసింది మరి.

మొదటి లైను కొట్టగానే పేర్లు ఒకదాని వెనక ఒకటి చీమల్లా బారులు తీరాయి. ఒక్కటీ నోరు తిరగదు. కింది గీత పేర్లలో ఒకటి మీరు చెప్పినట్టే ‘రిపీట్’ అని ముగుస్తోంది. దాని లోపలి రాత చూశాను. నాకు సగమే తెలిసింది గానీ అక్షరం పొల్లుపోకుండా దించి పంపుతున్నాను. నాకు తెలిసినంతలో, ఒక అక్షరం కింద అదే అక్షరం ఒత్తుగా వస్తే ఒత్తుని పీకేస్తోంది. రాసినాయనకి మన భాష రాదనుకుంటాను. వస్తే వాళ్ళమ్మని ‘అమ’ అని పిలుస్తాడా?

పైన ఆయనే ఒక మాట రాసుకున్నాడు, ‘కీ రెండుసార్లు పడితే సరిచేయడానికి’ అని. అది చదివాక ఆయన మీద కోపం పోయింది. ఈ కీబోర్డులో ఒక అక్షరాన్ని రెండుసార్లు నొక్కితేనే ఒత్తు పడుతుంది. గట్టు మీద నా వేళ్ళెప్పుడూ తడిగానే ఉంటాయా, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది. పాపం, మంచికే చేశాడు.

ఇప్పుడేం చెయ్యాలో రాయండి. ఫోన్ సంగతి తర్వాత చూద్దాం. పనుల ఒత్తిడి.

కోచ్

అల్లుడుగారికి అత్తయ్య దీవెనలు. కవరు అంటించమని నాకిచ్చింది, అందుకని ఈ మూల దొరికింది. కోర్టువాళ్ళు మీ ఇద్దరినీ విడగొట్టారు గానీ నాకు అల్లుడి పోస్టు రద్దయిందని ఎవరూ చెప్పలేదు. చిక్కిపోయారట. వంట మీరే చేసుకుంటున్నారా, ఇంకెవరైనా చేసిపెడుతున్నారా? దాచకుండా రాయండి.


అద్దె గది, కిటికీ పక్క బల్ల

కోచ్‌కి,

అత్తయ్యకి నమస్కారాలు. వంట నేనే చేసుకుంటున్నానని చెప్పు. చిక్కింది అందుకే.

ముందు పెట్టె పని. ప్యాకేజీ ఫైలు జోలికి పోవద్దు. మనం చేసేదంతా ఆరంభపు స్క్రిప్టులోనే. మొదట, ఆ పాత ముక్కకి ఇంకో పేరు కట్టి పక్కన పెట్టు. పారెయ్యకు. తేడా వస్తే దాన్నే తిరిగి నిలబెట్టుకోవచ్చు. ఆ తర్వాత, ఇచ్చిన మాటని ఇచ్చినట్టే తిరిగి అప్పజెప్పే కొత్త ముక్క ఒకటి రాయాలి. రెండే లైన్లు, రాసి పెట్టాను. చివరగా ప్యాకేజీ పేరు, చుక్క, ఆ కింది గీత పేరు రాసి, దానికి కొత్త ముక్కని తగిలించు. ఫైలులో ఒక్క అక్షరం మారదు. కానీ పెట్టె నడుస్తున్నంత సేపూ ఆ ప్యాకేజీలో ఆ పేరు పెట్టి పిలిస్తే కొత్తదే పలుకుతుంది.

పరాయివాళ్ళ వంటింట్లో డబ్బాలు మార్చిపెట్టడం లాంటిదిది. రేపు వాళ్ళు అలమర మొత్తం మార్చేస్తే మనం సర్దింది చెల్లదు. తెలిసే చేస్తున్నాం.

ఇక రెండో సంగతి. ‘నా వేళ్ళు తడిగా ఉంటాయి’ అని రాశావు. ఆమె వేళ్ళు అని రాయబోయి పొరపడ్డావేమో అనుకున్నాను. ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య ఎత్తి, “స్నానం చేస్తోంది బాబూ” అన్నారు. సాయంత్రం చేశాను, స్నానం. మర్నాడు చేశాను, మళ్ళీ స్నానమే. పొద్దస్తమానం నీళ్ళలో నానే మనిషికి అన్ని స్నానాలెందుకు? మూడోసారి నేను అడగకముందే ఆవిడ ఫోన్ పెట్టేశారు.

ఆ ఒకామె నువ్వే కదూ?

కాకపోతే నాలుగు తిట్లు తిట్టు. ఫోన్లో తిట్టు.


ఇల్లు, వెనక వరండా

నీకు,

అవును. నేనే.

పోయిన చలికాలం గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి పోయిందిలే అనుకున్నాను. అందరూ అదే అన్నారు, డాక్టరు తప్ప. స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు ఊపిరి మెడ దగ్గర చిన్న రంధ్రంలోంచి వెళ్తుంది, వస్తుంది. అందులోకి నీళ్ళు పోతే నేరుగా ఊపిరితిత్తుల్లోకే. కాబట్టి గొంతుతోపాటు నాకు నీళ్ళు కూడా పోయాయి. మెడకి తువ్వాలు చుట్టుకుని, తల వంచుకుని, మగ్గుతో కాసిని కాసిని పోసుకుంటాను. అమ్మ నీతో ఆడింది పూర్తి అబద్ధం కాదు. నా స్నానానికి నిజంగానే చాలాసేపు పడుతోంది.

పొద్దున్నే ఎవరూ రాకముందు కొలను మెట్టు మీద కూర్చుని మోకాళ్ళ దాకా కాళ్ళు ముంచుతాను. అడుగున పరిచిన నీలం పలకలు కదులుతూ కనిపిస్తాయి. ఒళ్ళంతా అటే లాగుతుంది. పిల్లలొచ్చే వేళకి లేచి కాళ్ళు తుడుచుకుంటాను.

నీకెందుకు చెప్పలేదో కోప్పడకుండా చదువు. తెలిసినవాళ్ళందరూ నన్ను చూడగానే గొంతు తగ్గించేస్తున్నారు, ఇంట్లో ఎవరో పోయినట్టు. నీకు తెలియదు. నీ చెవుల్లో నేనింకా కేకలేస్తూనే ఉన్నాను. లోకంలో ఒక్కచోటైనా నా గొంతు పోకుండా ఉంటే బాగుండనిపించింది. మొన్న నీ ఉత్తరంలో ‘నీ కేక ఒకటి పడితే’ అన్న చోట ఆగిపోయి, అమ్మ అన్నానికి పిలిచేదాకా అక్కడే ఉన్నాను.

ఇప్పుడు అక్కడ కూడా పోయింది. సరే.

పెట్టె సంగతి. నువ్వు చెప్పినట్టే చేశాను. ప్యాకేజీలోని ఆ పేరుని నేరుగా పిలిచి ‘తన్ను’ ఇస్తే, తెర మీద ఒత్తుతో సహా ‘తన్ను’ అని చక్కగా వచ్చింది. ఎగిరి గంతేశాను. తీరా మామూలుగా మాట్లాడించి చూస్తే, స్పీకర్లోంచి మళ్ళీ ‘తను’. తెర మీద మారింది స్పీకర్లో ఎందుకు మారలేదు?


ఆఫీసు మెట్లు

నీకు,

నీ ఉత్తరం ఇక్కడే మెట్ల మీద కూర్చుని చదివాను. దిగుతున్నవాళ్ళు ఒకరిద్దరు ఆగి, “ఏమైందండీ, ఒంట్లో బాగాలేదా?” అన్నారు. “ఒక పెట్టె ఒత్తులు పలకడం లేదు” అని చెప్పాను. వాళ్ళకది మామూలు జవాబే. వెళ్ళిపోయారు.

ఏం రాసినా తక్కువే అనిపిస్తోంది. నాకు చేతనయిన పనినే పట్టుకుంటాను.

ఈ భాషలో పేరంటే వస్తువు కాదు, వస్తువుకి కట్టిన చీటీ. ఒకే వస్తువుకి ఎన్నిచోట్ల నుంచైనా చీటీలు కట్టుకోవచ్చు. నీ పెట్టెలో శుభ్రం చేసే ప్యాకేజీ ఒకటి, పలికే ప్యాకేజీ ఇంకొకటి. పలికేది నిద్ర లేవగానే శుభ్రం చేసేదాని దగ్గరికెళ్ళి, ఆ ముక్కకి తన పట్టికలో కూడా ఒక చీటీ కట్టేసుకుని ఉంటుంది. ఆ తర్వాత నువ్వు వచ్చి ఇక్కడి చీటీ మార్చావు. అక్కడి చీటీ పాతదాన్నే పట్టుకుని కూర్చుంది. ఇక్కడ జరిగిందేమీ దానికి తెలియదు.

నాలాగే.

పలికే ప్యాకేజీ పట్టిక కూడా తెరిపించి చూడు. అదే కింది గీత పేరు అందులో కనబడితే నేననుకున్నది నిజం. అక్కడ కూడా ఆ పేరుకి కొత్త ముక్కని తగిలించు. లేదంటే మన మార్పుని ఆరంభపు స్క్రిప్టులో అన్నిటికన్నా పైకి జరిపి, పలికే ప్యాకేజీ లేవకముందే పని ముగించు. అప్పుడది లేచి వచ్చి కొత్తదానికే చీటీ కట్టుకుంటుంది. రెండోదే శుభ్రమైన పద్ధతి. ఇప్పటికి మొదటిదే చాలు.

శనివారానికి సెలవడిగాను. వస్తాను. వద్దనకు.


కొలను ఆఫీసు గది

ప్రోగ్రామరు గారికి,

మీరు చెప్పింది నిజమే. ఆ పేరు రెండో పట్టికలో కూడా ఉంది. అక్కడ కూడా మార్చాను. పెట్టె ఇప్పుడు ‘అమ్మ’ అంటోంది, ‘తన్ను’ అంటోంది. కొత్త బ్యాచి మొదటిరోజు మేనేజరు గట్టు మీద పరీక్షించి చూస్తాడట. ధన్యవాదాలు.

మీ అక్కయ్యగారు మొన్న అమ్మతో మాట్లాడుతూ మీకు సంబంధం కుదిరిందని, అమ్మాయి మీ ఆఫీసు వీధిలోనే మందుల షాపు చూసుకుంటుందని చెప్పారట. సంతోషం. ఇలాంటి సమయంలో సెలవులు వృథా చేసుకోకండి. ఇక్కడ పని అయిపోయింది.

ఇట్లు,
కోచ్


అద్దె గది

నీకు,

మళ్ళీ ‘మీరు’. ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు, తగలాల్సింది నాకేనని తెలిసింది.

సంబంధం నిజం. కుదరడం మా అక్కయ్య ఆశ. అత్తయ్య అడిగినప్పుడు నేను వంట గురించి రాసి తప్పుకున్నది ఇందుకే. ఆ అమ్మాయి మంచి మనిషి. రెండుసార్లు కలిశాం, రెండుసార్లూ టీ కొట్టు దగ్గర. మొదటిసారి మందుల గురించి మాట్లాడింది, విన్నాను. రెండోసారి నీ మొదటి ఉత్తరం వచ్చిన వారంలో. ఈసారి నేను మాట్లాడాను. పెట్టె గురించి, ఒత్తుల గురించి, పాల గ్లాసు గురించి. ఆమె కప్పు కింద పెట్టి నవ్వుతూ అంది: “ఏమండీ, మీరు నాతో మాట్లాడటం లేదు. నా ఎదురుగా కూర్చుని ఆవిడతో మాట్లాడుతున్నారు.”

అక్కడితో అయిపోయింది. అక్కయ్యకి చెప్పే ధైర్యం లేక ఆలస్యం చేశాను. నిన్న చెప్పాను. తిట్టింది. ఆ తర్వాత, “చంటిదెలా ఉందట?” అని అడిగింది. కూతురు గురించి తల్లి నన్నెందుకు అడుగుతుందా అని ఒక్క క్షణం తెల్లబోయాను. నీ గురించి.

సెలవు వెనక్కి తీసుకున్నాను. నువ్వు రమ్మంటేనే వస్తాను. ఆ మేనేజరు ముందు పరీక్ష ఎలా జరిగిందో మాత్రం రాయి.


ఇల్లు, వెనక వరండా

నీకు,

మందుల షాపు ఆవిడకి నా తరఫున దండం పెట్టు.

పరీక్ష చెప్తాను. కొత్త బ్యాచి పిల్లలు బారుగా నిలబడ్డారు, టోపీలు చెవుల మీదికి లాక్కుని. అమ్మానాన్నలు బెంచీల మీద. నీళ్ళలో లైఫ్‌గార్డు, నడుం లోతు దగ్గర. మేనేజరు నా దగ్గరికొచ్చి, “మేడమ్, నేనెళ్ళి ఆ చివర నిలబడతాను. అక్కడికి తెలియాలి. తెలియకపోతే నన్నేమీ అనుకోవద్దు,” అన్నాడు. చెడ్డవాడు కాదు. భయపడేవాడు.

పెట్టె శబ్దం పూర్తిగా పెంచి కొట్టాను. “కాళ్ళు తన్ను! ఇంకా గట్టిగా! తల ఎత్తొద్దు!” అన్నిటికీ ఒత్తులు పడ్డాయి. గోడకి కొట్టుకుని తిరిగొచ్చాయి. పిల్లలు నీళ్ళలోకి దిగి, గట్టు అంచున ఉన్న ఊచ పట్టుకుని తన్నారు చూడు, బెంచీల మీదివాళ్ళు తడిసి లేచి నిలబడ్డారు. మధ్యలో వేలు జారి ‘ఆగు’ కాస్తా ‘ఆగ్గు’ అయింది. ఆ రాసినాయన జ్ఞాపకమొచ్చాడు. పిల్లలకి ఆ మాట తెగ నచ్చింది. “ఆగ్గు, ఆగ్గు” అని ఒకటే పాట.

ఒక్క పిల్ల మాత్రం ఊచ వదల్లేదు. నా మెడ దగ్గరి గుడ్డ వైపు, పెట్టె వైపు మార్చి మార్చి చూస్తోంది.

“మీరు రోబోనా?” అంది.

కాదని తలూపాను. నమ్మలేదు. వంగి, దాని చెయ్యి తీసుకుని నా మెడ దగ్గర, ఊపిరి వచ్చే చోట పెట్టాను. వేళ్ళకి వెచ్చగా తగిలినట్టుంది, కళ్ళు పెద్దవి చేసి కొలనంతా వినిపించేట్టు అరిచింది: “ఒరేయ్, మేడమ్‌కి ఇక్కడ ఊపిరుందిరా!”

తర్వాత ఊచ వదిలింది. గార్డు చేతుల్లోకి జారిపోయింది.

మేనేజరు ఆ చివర నుంచి నడిచొచ్చి చాలాసేపు తువ్వాలు మడతపెట్టాడు. “వినిపించింది మేడమ్. చిన్నపిల్లల వైపు మీరే చూసుకోండి, నీళ్ళలో గార్డు ఉంటుంది. లోతు వైపు మాత్రం ఇవ్వలేను. ఎవరైనా మునిగితే మీరు దూకలేరు,” అన్నాడు. కాదనడానికి టైపు చెయ్యబోయి మానేశాను. ఆయన అన్నది నిజం.

సగం కొలను దక్కింది. మిగతా సగం వైపు ఇంటికెళ్ళేటప్పుడు ఒకసారి చూసి వస్తాను.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఎత్తుతాను. స్నానం అనదు అమ్మ. కానీ ఒక షరతు. నేను టైపు చేస్తున్నంతసేపూ చప్పుడుండదు. ఆ ఖాళీలో నువ్వు మాట్లాడొద్దు. ఆగు.


అద్దె గది, ఆదివారం

నీకు,

ఫోన్ పెట్టేసి వెంటనే రాస్తున్నాను.

పెట్టె పలికిన మాటలన్నీ తేటగా ఉన్నాయి. ఒక్క ఒత్తు తప్పిపోలేదు. ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు, ఎవరో రైలు టిక్కెట్లు అమ్మే మనిషిలా ఉంది. ఆ గొంతులో నువ్వు కనబడలేదు. కానీ నువ్వు ఆగమన్న చోట ఆగాను కదా, అక్కడ కనబడ్డావు. కీలు టకటకమని పడుతున్నాయి. కోపమొచ్చినప్పుడు వేగంగా, ఆలోచించేటప్పుడు ఒకటొకటిగా. మధ్యలో నీ ఊపిరి. అత్తయ్య వెనక నుంచి “అడుగు, భోంచేశాడేమో అడుగు” అనడం. అదంతా నువ్వే. పెట్టె మాట్లాడటం మొదలుపెడితే, అప్పుడే ఎందుకు మొదలుపెట్టిందా అనిపించింది.

చివర్లో “రానా?” అని అడిగాను. నువ్వు టైపు చెయ్యడం మొదలుపెట్టావు. చాలాసేపు చేశావు. ఆగిపోయావు. మళ్ళీ చేశావు. చివరికి పెట్టె, “తర్వాత చెప్తాను” అంది.

ఆ రెండు ముక్కలకి అంతసేపు పట్టదు.


ఇల్లు, వెనక వరండా

నీకు,

పట్టదు. నువ్వు లెక్కలో గట్టివాడివి.

రానా అని నువ్వడగ్గానే రాయడం మొదలుపెట్టాను. తెర నిండిపోయింది. పొద్దున కూర్చునే మెట్టు పక్కన ఇంకో మనిషికి చోటుందని, అమ్మ నీ కంచం ఇంకా పైఅరలోనే ఉంచిందని, నువ్వు వచ్చి ఉండిపోతావో చూసి వెళ్తావో నేనడగనని, అడగను గానీ తెలుసుకోవాలని ఉందని. ‘పలుకు’ మీట మీద వేలు పెట్టాను. నొక్కితే ఇవన్నీ ఆ టిక్కెట్లావిడ నీకు చెప్తుంది. పిల్లల్ని తన్నమని, ఆగమని ఆవిడ చెప్పొచ్చు. ఇది ఆవిడ చెప్పడం నాకిష్టం లేకపోయింది. మొత్తం చెరిపేసి ఆ రెండు ముక్కలు కొట్టాను. అటువైపు నువ్వు కిక్కురుమనకుండా ఆగి ఉన్నావు. పెళ్ళయ్యాక నువ్వంతసేపు నాకోసం ఆగడం అదే మొదలు. నువ్వు ఫోన్ పెట్టేశాక కూడా రిసీవరు చెవి దగ్గరే ఉంచుకున్నానని అమ్మ చెప్తే తెలిసింది.

అందుకని చేత్తో రాస్తున్నాను. రా.

శనివారం సాయంత్రం బండికి రా. స్టేషన్‌కి నేనే వస్తాను. పెట్టె తీసుకురాను. జనం ఎక్కువగా ఉంటారు, నిన్ను కేకేసి పిలవలేను. నువ్వే చూసుకుంటూ రా.